స్టౌట్ కిట్‌ను చిక్కటి స్టౌట్‌గా మార్చుకోవడం ఎలా?

స్టౌట్ అనే నల్లటి బీరును ఇంట్లో చేసుకునే కిట్ కొని, డబ్బా మీద రాసినదంతా తు.చ. తప్పకుండా చేసినా ఆ బీరు చాలాసార్లు పలచగానే వస్తుంది. రంగు నల్లగానే ఉంటుంది, గ్లాసులో పోస్తే నురగా కడుతుంది. గుటక వేశాక మాత్రం నోట్లో ఏమీ నిలవదు. స్టౌట్ అన్న మాటకే బలమైనది అని అర్థం. పోర్టర్ బీరులో గట్టిరకాన్ని మొదట్లో స్టౌట్ పోర్టర్ అనేవారు, పోనుపోను స్టౌట్ ఒక్కటే మిగిలింది. అలాంటి బీరు నాలుక మీద కాసేపు నిలవాలి. వేయించిన గింజ రుచి ముందు తగలాలి, వెనకే చేదు రావాలి, అడుగున కాస్త తీపి ఉండాలి. ఆ మూడూ కిట్ డబ్బాలో ఉన్నాయి. పంచదారతో, మితిమీరిన నీళ్ళతో వాటిని పలచన చేస్తున్నది మనమే.

అందుకని నేను పట్టుబట్టి చెప్పే క్రమం ఒకటుంది. ముందు చిక్కదనం, తరవాత వేపుడు రుచి, ఆ రెండూ కుదిరాకే కాఫీ, కోకో లాంటివి. చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు. పలచటి స్టౌట్‌లో కాఫీ పోస్తే వచ్చేది పలచటి కాఫీ బీరే.

ఒక్కసారైనా కిట్ బీరు చేసి, సీసాల్లో నింపిన అనుభవం ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లో బీరు చేసుకోవడానికి మీరుండే చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి.

డబ్బాలో ఏముందో లెక్క చూద్దాం

సాధారణంగా స్టౌట్ కిట్ అంటే 1.7 కిలోల చిక్కటి మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పాకం, మూత కింద 5 నుంచి 7 గ్రాముల ఈస్ట్ పొట్లం. హాప్స్ అనే పూల నుంచి రావాల్సిన చేదు ఆ పాకంలో కలిసే ఉంటుంది. దీనికి ఒక కిలో పంచదార చేర్చి, మొత్తం 23 లీటర్లు చేయమని సూచనలు చెబుతాయి.

ద్రవంలో చక్కెర ఎంత కరిగి ఉందో చూపే హైడ్రోమీటర్ భాషలో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. అది చూపే అంకె పేరు గ్రావిటీ; ఒట్టి నీళ్ళకు 1.000, ఆపైన ప్రతి 0.001 ఒక పాయింటు. 23 లీటర్లలో ఆ పాకం ఇచ్చే గ్రావిటీ సుమారు 22 పాయింట్లు. కిలో పంచదార ఇచ్చేది 17 పాయింట్ల దాకా. రెండూ కలిసి 1.039 దగ్గర నిలుస్తాయి. అంటే ఆ బీరు బలంలో ఐదింట రెండు వంతుల పైమాటే పంచదారది. పంచదారను ఈస్ట్ చివరి పలుకు దాకా తినేస్తుంది. ఆల్కహాల్, గ్యాసు వస్తాయి, రుచి ఏమీ మిగలదు. మాల్ట్ అలా కాదు. అందులో ఈస్ట్‌కు కొరుకుడుపడని డెక్స్‌ట్రిన్లు కొంత ఉంటాయి, ప్రొటీన్లు ఉంటాయి. నోటికి నిండుగా అనిపించేదీ, నురగను నిలబెట్టేదీ అవే.

మొదటి మార్పు: పంచదార బదులు మాల్ట్, నీళ్ళు మూడు లీటర్లు తక్కువ

ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్కటి చేయండి. కిలో పంచదార తీసేసి కిలో డార్క్ డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ వేయండి. మాల్ట్ పాకాన్ని ఎండబెట్టిన పొడి ఇది, స్ప్రే మాల్ట్ అన్నా ఇదే. మొత్తం 23 కాకుండా 20 లీటర్ల దగ్గర ఆపండి. గ్రావిటీ 1.044 దాకా వస్తుంది. ఆల్కహాల్ శాతం పెద్దగా మారదు, రుచి మాత్రం బాగా మారుతుంది. మూడు లీటర్లు తగ్గుతున్నాయే అని బాధపడకండి. ఆ మూడు లీటర్లే కదా మిగతా ఇరవైనీ పలచన చేస్తున్నది.

డార్క్ దొరక్కపోతే లైట్ మాల్ట్ అయినా సరే. రంగు కిట్‌లో ఎలాగూ ఉంది.

ఐరిష్ పద్ధతిలో పొడిగా, తీపి లేకుండా ముగిసే స్టౌట్ ఇష్టమైతే 250 గ్రాముల డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ చక్కెర) ఉంచుకుని, మిగతా 750 గ్రాములు మాల్ట్ వేయండి. పంచదార విషమేమీ కాదు, ఎంత వేశామన్నదే చూసుకోవాలి. నల్లబెల్లం పాకంలా ఉండే మొలాసిస్ కూడా స్టౌట్‌కు నప్పుతుంది కానీ 100 గ్రాముల నుంచి 150 దాకా చాలు. దాని తీపిని ఈస్ట్ తినేశాక మిగిలేది ఇనుము నాకినట్టుండే ఘాటు. మోతాదు దాటితే ఆ ఘాటు బీరంతటినీ కమ్మేస్తుంది.

చిక్కదనం ఇంకాస్త కావాలి, తీపి మాత్రం వద్దు అనుకుంటే మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంది. తెల్లటి పొడి, దాదాపు రుచి ఉండదు. ఈస్ట్ దాన్ని చాలామటుకు ముట్టుకోదు. 20 లీటర్లకు 200 నుంచి 250 గ్రాములు సరిపోతుంది. కిలో మాల్ట్ వేశాక మళ్ళీ ఇది కూడా అవసరమని నాకు అరుదుగా అనిపిస్తుంది.

రెండు స్టౌట్ డబ్బాలు ఒకేసారి వాడే పద్ధతీ ఉంది. బీరు గట్టిగానే వస్తుంది, కానీ రెండు డబ్బాల హాప్స్ చేదు కూడా దిగుతుంది. అది మెత్తబడడానికి నెలలు పడుతుంది. దానికన్నా ఒక స్టౌట్ డబ్బా, హాప్స్ కలపని మాల్ట్ పాకం డబ్బా ఒకటి జతచేయడం మేలు.

రెండో మార్పు: వేయించిన గింజలు

నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. పాకం డబ్బాలో నెలల తరబడి ఉంటుంది. కాల్చిన గింజను అప్పటికప్పుడు నలగ్గొట్టి నానబెడితే ఇల్లంతా పరుచుకునే వాసన ఆ పాకంలో ఉండమన్నా ఉండదు.

గింజలు మూడు రకాలు తెలిస్తే చాలు. మొదటిది రోస్టెడ్ బార్లీ. ఇది మొలకెత్తించకుండా నేరుగా వేయించిన బార్లీ. ఐరిష్ స్టౌట్‌కు ఆ పొడి కాఫీ లాంటి చేదు, మాడీ మాడని రుచి దీని వల్లే వస్తాయి. రెండోది చాక్లెట్ మాల్ట్. ఇందులో చాక్లెట్ ఏమీ ఉండదు, ఆ పేరు రంగును బట్టి వచ్చింది. మొలకెత్తించిన గింజను ముదురుగా వేయిస్తారు కాబట్టి రోస్టెడ్ బార్లీ కన్నా గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. మూడోది క్రిస్టల్ మాల్ట్. గింజ లోపలే తీపి పాకం కట్టేలా తయారుచేసినది. ఎండు ఖర్జూరం, పంచదార పాకం గుర్తుచేసే తీపినీ చిక్కదనాన్నీ ఇస్తుంది.

ఈ నల్ల గింజలకు ఒక చరిత్ర ఉంది. గింజను బొగ్గు కాకుండా నల్లగా వేయించే తిరుగుడు డ్రమ్ముకు 1817లో డేనియల్ వీలర్ బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటినుంచి కొద్దిపాటి నల్ల మాల్ట్‌తోనే పోర్టర్‌కు, స్టౌట్‌కు రంగు తేవడం వీలైంది. మరి మొలకెత్తించని బార్లీ ఎందుకు వాడలేదు? పన్ను అప్పుడు మాల్ట్ మీద ఉండేది, కాబట్టి మాల్ట్ చేయని గింజ వాడడానికి చట్టం ఒప్పుకోలేదు. 1880లో ఆ పన్ను మాల్ట్ మీదినుంచి తయారైన బీరు మీదికి మారింది. దాంతో రోస్టెడ్ బార్లీకి దారి తెరుచుకుంది. ఇవాళ మనం ఐరిష్ స్టౌట్ రుచి అనుకునేదానికి వెనక ఒక పన్ను మార్పు ఉంది.

20 లీటర్లకు నేను వాడే కొలత: రోస్టెడ్ బార్లీ 200 గ్రాములు, చాక్లెట్ మాల్ట్ 100 గ్రాములు, మధ్యస్థం రంగు క్రిస్టల్ మాల్ట్ 200 గ్రాములు. మొదటిసారి ఇంతకు మించి వెళ్ళకండి. కిట్‌లోనూ వేపుడు రుచి ఉంది, రెండూ కలిస్తే బూడిద నాకినట్టు అయ్యే ప్రమాదం ఉంది.

గింజ పగలాలి, పిండి కాకూడదు. మిల్లు లేకపోతే మందపాటి సంచిలో పోసి, గుండ్రటి సీసాతో గట్టిగా దొర్లించండి. ప్రతి గింజా రెండు మూడు ముక్కలైతే చాలు. పిండి అయితే గుడ్డలోంచి జారి బీరులోకి మడ్డిగా దిగుతుంది, వగరు కూడా తెస్తుంది.

పగిలిన గింజల్ని పలచటి గుడ్డ సంచిలో వదులుగా మూట కట్టండి. మూడు లీటర్ల నీళ్ళు 70 డిగ్రీల దాకా వేడి చేసి, మంట ఆపి, మూట అందులో వేసి మూత పెట్టండి. అరగంట. వేడి 65కూ 70కీ మధ్య ఉంటే మంచిది, ఐదారు డిగ్రీలు తగ్గినా కొంప మునిగేదేమీ లేదు. పైకి మాత్రం 77 దాటనివ్వకండి, మూటతో సహా మరిగించడం అసలే వద్దు. పొట్టులోని టానిన్లు నీళ్ళలోకి దిగితే పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పిడచకట్టే వగరు వస్తుంది. ఆ తరవాత ఎన్నాళ్ళు నిలవ ఉంచినా అది పూర్తిగా పోదు. అరగంటయ్యాక మూట పైకెత్తి, కారేదంతా కారనిచ్చి, పక్కన పెట్టేయండి. కసిగా పిండకండి.

ఇంకా మెత్తటి రుచి కావాలంటే చన్నీళ్ళ దారి ఉంది. అవే గింజలు, అవే మూడు లీటర్లు, కానీ మామూలు చల్లటి నీళ్ళు. ముందు రోజు రాత్రి నానబెట్టి పొద్దున వడగట్టండి. కాఫీకి కోల్డ్ బ్రూ ఎలాగో దీనికి ఇది అలాగ. చేదు పదును తగ్గుతుంది, వాసన నిలుస్తుంది. నేను కొన్నాళ్ళుగా ఇదే చేస్తున్నాను. ఎలా నానబెట్టినా ఆ నీళ్ళను పది పదిహేను నిమిషాలు మరిగించాల్సిందే. పచ్చి గింజ మీద లాక్టిక్ బాక్టీరియా ఉంటుంది, మరిగించకపోతే బీరు పులిసిపోతుంది.

ఓట్స్ వేయవచ్చా అని చాలామందికి అనుమానం. వేయవచ్చు, కానీ ఒట్టిగా నానబెడితే గంజి వస్తుంది. రోస్టెడ్ బార్లీ, క్రిస్టల్ లాంటివి నానబెడితే చాలు. ఓట్స్‌లో ఉన్నది మాత్రం మారని పిండిపదార్థం. దాన్ని చక్కెరలుగా మార్చే ఎంజైములు మామూలు లేతరంగు పేల్ మాల్ట్‌లో ఉంటాయి. అందుకని 300 గ్రాముల ఓట్ అటుకులకు మరో 300 గ్రాముల నలగ్గొట్టిన పేల్ మాల్ట్ కలిపి, రెండున్నర లీటర్ల నీళ్ళలో 65 నుంచి 67 డిగ్రీల మధ్య గంటసేపు ఉంచాలి. ఇక్కడ వేడి కచ్చితంగా ఉండాలి. గిన్నె చుట్టూ దుప్పటి చుట్టి పెట్టినా నిలుస్తుంది. చివరి పది నిమిషాల్లో నల్ల గింజలూ అందులోనే వేయవచ్చు. పట్టులాంటి మెత్తదనం వస్తుంది. మొదటి ప్రయత్నంలో మాత్రం ఓట్స్ జోలికి పోకుండా మిగతావి కుదుర్చుకోండి.

తీపి కావాలంటే లాక్టోజ్

పాలలో ఉండే చక్కెర ఇది. బీరు ఈస్ట్ దీన్ని తినలేదు, అందుకే తీపి బీరులోనే ఉండిపోతుంది. మిల్క్ స్టౌట్ అనే రకమే దీని మీద నిలబడింది. 20 లీటర్లకు 250 గ్రాములంటే చేదు అంచు మెత్తబడుతుంది, 400 దాటితే తాగేకొద్దీ వెగటు పుడుతుంది. గ్లాసు ఎవరికిచ్చినా ఇందులో పాల చక్కెర ఉందని ముందే చెప్పండి. అది పడనివాళ్ళు చాలామంది ఉంటారు, నల్లటి బీరులో పాల పదార్థం ఉంటుందని వాళ్ళు ఊహించరు.

లాక్టోజ్‌ను మొదటిరోజే వేసేయమంటారు. నేను వద్దంటాను. ఒకసారి వేశాక తీయలేం. బీరు పూర్తిగా పులిశాక, సీసాల్లోకి నింపే ముందు రుచి చూడండి. కావాలనిపిస్తే అప్పుడు అర లీటరు నీళ్ళలో కరిగించి, పది నిమిషాలు మరిగించి, చల్లార్చి కలపండి. అప్పటికి మీ నాలుకే చెబుతుంది ఎంత కావాలో.

హాప్స్ గురించి ఒక్క మాట. కిట్‌లో చేదు ఉంది కాబట్టి మామూలుగా అవసరం లేదు. మాల్ట్, లాక్టోజ్ రెండూ పెంచినప్పుడు తీపికి ఎదురు నిలవడానికి ఫగుల్, ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ అనే ఇంగ్లీషు హాప్స్ రకాల్లో ఏదో ఒకటి 15, 20 గ్రాములు గింజలు నానిన నీళ్ళలో వేసి ముప్పావుగంట మరిగించవచ్చు. స్టౌట్‌లో హాప్స్ వాసన గుబాళించాల్సిన పనిలేదు, చేదు చాలు.

కలిపే రోజు

ఫెర్మెంటర్ (బీరు పులిసే పెద్ద డబ్బా), మూత, గరిటె, థర్మామీటరు, ఎయిర్‌లాక్ (గ్యాసును బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని బిరడా), కత్తెర అన్నీ కడిగి శానిటైజర్‌లో ముంచండి. కత్తెరను మరిచిపోయేవాళ్ళే ఎక్కువ, ఈస్ట్ పొట్లం కోసేది దాంతోనే. కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన ఉంటే ముందురోజే మరిగించి చల్లార్చుకోండి. క్లోరమైన్ కలిపే నీళ్ళయితే మరిగించినంత మాత్రాన పోదు, కాంప్‌డెన్ అనే సల్ఫైట్ మాత్ర పొడి చిటికెడు కలపాలి. నిర్లక్ష్యం చేస్తే బీరుకు ఆసుపత్రి వాసన పడుతుంది.

కిట్ డబ్బాను వేడినీళ్ళలో పావుగంట నిలబెడితే పాకం సులువుగా జారుతుంది. ఈలోగా గింజలు నానిన నీళ్ళు పొయ్యి మీద మరుగుతుంటాయి. డ్రై మాల్ట్‌ను మరిగే నీళ్ళలో గుమ్మరించకండి. ఆవిరి తగలగానే ఉండలు కట్టి రాయిలా బిగుసుకుంటుంది. వేరే గిన్నెలో రెండు లీటర్ల చల్లటి నీళ్ళలో గరిటెతో కలిపి, ఆ జారును పొయ్యి మీదికి చేర్చండి. మొదటి పొంగు చాలా జోరుగా వస్తుంది. పొయ్యి దగ్గరే నిలబడి, నురగ లేవగానే మంట తగ్గించండి. ఈ పొంగు ఒకసారి పొయ్యి మీద పడిందంటే గట్టిగా అంటుకుపోతుంది.

పది నిమిషాలు మరిగాక మంట ఆపి, కిట్ పాకం అందులో కలపండి. కిట్ పాకాన్ని మళ్ళీ మరిగించాల్సిన పనిలేదు. దాన్ని ఒకసారి కాచే డబ్బాలో పెట్టారు, మరిగిస్తే ఉన్న కాస్త హాప్స్ పరిమళమూ ఆవిరైపోతుంది. డబ్బా అడుగున మిగిలినదాన్ని కాసిని వేడినీళ్ళతో కడిగి అదీ పోసేయండి.

ఫెర్మెంటర్‌లో ముందు పది లీటర్ల చల్లటి నీళ్ళు పోసి, ఈ వేడి పాకాన్ని మీద పోసి, 20 లీటర్ల గీత దాకా చల్లటి నీళ్ళతో నింపండి. ఎత్తు నుంచి ధారగా పోస్తే గాలి బాగా కలుస్తుంది. ఈస్ట్‌కు ఆక్సిజన్ కావలసింది ఇప్పుడొక్కసారే. వేడి 20 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చిందాకా ఆగండి. హైడ్రోమీటర్ చూసి రాసుకోండి. గింజలతో కలిపి 1.045 నుంచి 1.048 మధ్య రావాలి.

ఈస్ట్ దగ్గర పిసినారితనం వద్దు. మూత కింది పొట్లం చిన్నది, ఎన్నాళ్ళు ఎంత ఎండలో ఉందో తెలియదు. 11 గ్రాముల ఇంగ్లీషు రకం ఏల్ ఈస్ట్ ఒకటి కొనండి. సేఫేల్ ఎస్-04, నాటింగ్‌హామ్ రెండూ స్టౌట్‌కు బాగా కుదురుతాయి, అడుక్కి గట్టిగా పేరుకుంటాయి కాబట్టి సీసాలు తేటగా వస్తాయి. పైన చల్లి, మూత పెట్టేయండి.

పులిసే రోజులు

18 నుంచి 20 డిగ్రీలు. మొదటి మూడు రోజులే కీలకం. ఆ సమయంలో ఈస్ట్ వల్ల లోపలి వేడి గదికన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉండవచ్చు. గది 24 ఉంటే లోపల 27 అన్నమాట. అప్పుడు అరటిపండు వాసన, తల పట్టేసే ఘాటైన ఆల్కహాల్ వస్తాయి. ఫెర్మెంటర్‌ను వెడల్పాటి నీళ్ళ తొట్టిలో నిలబెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టి, నీళ్ళలో మంచు సీసాలు మార్చుతూ ఉంటే నాలుగైదు డిగ్రీలు తగ్గించవచ్చు. ఏ అదనపు దినుసు కన్నా ఈ మూడు రోజుల చల్లదనమే ఎక్కువ రుచి తెస్తుందని నా నమ్మకం.

మాల్ట్ ఎక్కువ కాబట్టి నురగ పంచదార కిట్ కన్నా ఎత్తుకు లేస్తుంది. పైన నాలుగైదు లీటర్ల ఖాళీ లేకపోతే ఎయిర్‌లాక్ బదులు గొట్టం పెట్టి, రెండో కొనను నీళ్ళ సీసాలో ముంచండి.

బుడగలు ఆగాయని సీసాల్లో నింపేయకండి. పదో రోజున హైడ్రోమీటర్ చూడండి, రెండు మూడు రోజుల తరవాత మళ్ళీ చూడండి. రెండు అంకెలూ ఒకటే అయితే పులియడం ముగిసినట్టు. 1.012, 1.015 మధ్య ఎక్కడో ఆగుతుంది. లాక్టోజ్‌ను మొదటిరోజే వేసినవాళ్ళకు దీనికి నాలుగైదు పాయింట్లు పైన ఆగుతుంది, కంగారు పడొద్దు. మొదటి అంకెలోంచి చివరి అంకె తీసేసి 131తో హెచ్చిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. 1.046 నుంచి 1.013కు దిగితే 0.033ను 131తో హెచ్చించి 4.3 శాతం.

ఇప్పుడు కాఫీ, కోకో

ఇక్కడిదాకా వచ్చి రుచి చూస్తే ఇంకేమీ వేయక్కర్లేదని మీకే అనిపించవచ్చు. అనిపిస్తే అలాగే సీసాల్లో నింపండి. ఒకప్పుడు నేను ఒకే విడతలో కాఫీ, కోకో, వెనిలా, అతిమధురం నాలుగూ వేశాను. బీరు పాడవలేదు, కానీ ఏ రుచి దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేకపోయాను. ఇరవై లీటర్లు తాగాక కూడా మరుసటిసారి ఏది పెంచాలో, ఏది తగ్గించాలో తెలియలేదు. అప్పటినుంచి విడతకు ఒక్క దినుసే వేస్తున్నాను.

కాఫీ అయితే చన్నీళ్ళ పద్ధతి. మరిగించి చల్లార్చిన లీటరు నీళ్ళలో 100 గ్రాముల బరకగా దంచిన పొడి వేసి, శుభ్రమైన సీసాలో ఫ్రిజ్‌లో 16 నుంచి 24 గంటలు ఉంచి, వడగట్టండి. గింజ మధ్యస్థంగా వేయించినదై ఉండాలి. మాడిన రుచి రోస్టెడ్ బార్లీలో ఇప్పటికే ఉంది, నల్లగా వేయించిన కాఫీ దాని మీద మళ్ళీ మాడు పోస్తుంది.

ఎంత పోయాలో లెక్కతో కాదు, నాలుకతో తేల్చండి. నాలుగు గ్లాసుల్లో ఒక్కోదానిలో 100 మిల్లీలీటర్ల చొప్పున బీరు పోయండి. సిరంజితో ఒకదానిలో 1, ఇంకోదానిలో 2, తరవాత 3, 4 మిల్లీలీటర్ల కాఫీ కలిపి వరసగా రుచి చూడండి. నచ్చినది రెండోది అనుకుందాం. 100కు 2 అంటే లీటరుకు 20, అంటే 20 లీటర్లకు 400 మిల్లీలీటర్లు. ఈ చిన్న పరీక్ష వెనిలాకు, లాక్టోజ్ నీళ్ళకు, దేనికైనా పనికొస్తుంది. రెండు అంకెల మధ్య తటపటాయిస్తుంటే తక్కువ దానికే ఓటు వేయండి.

కోకోకు పొడి కన్నా నిబ్స్ మేలు. నిబ్స్ అంటే వేయించి నలగ్గొట్టిన కోకో గింజ పలుకులు. 150 గ్రాములు పొడి పెనం మీద వాసన వచ్చేదాకా వేడి చేసి, మునిగేంత వోడ్కాలో మూడు నాలుగు రోజులు నానబెట్టండి. క్రిములు చస్తాయి, పరిమళం వోడ్కాలోకి దిగుతుంది. పులియడం ముగిశాక ఆ పలుకులూ, నానిన రసమూ గుడ్డసంచిలో ఫెర్మెంటర్‌లోకి వేసి వారం ఉంచండి. చాక్లెట్ బిళ్ళలు మాత్రం వద్దు. వాటిలో కొవ్వు నురగను చంపేస్తుంది. వెనిలా అయితే ఒక కాయ, మహా అయితే రెండు. నిలువునా చీల్చి ఇలాగే వోడ్కాలో నానబెట్టాలి.

సీసాల్లోకి

స్టౌట్‌కు గ్యాసు తక్కువ ఉండాలి. నాలుకను పొడిచే బుడగలు చిక్కదనాన్ని దాచేస్తాయి. 20 లీటర్లకు 90 గ్రాముల పంచదార ఒక గ్లాసు నీళ్ళలో మరిగించి, చల్లార్చి, అడుగు మడ్డి కదలకుండా ఇంకో శుభ్రమైన డబ్బాలోకి సైఫన్ చేస్తూ కలపండి. కాఫీ, లాక్టోజ్ కూడా ఈ డబ్బాలోనే. సైఫన్ గొట్టం కొన అడుగున మునిగి ఉండాలి. ఇప్పుడు గాలి కలిస్తే బీరుకు తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. గ్రావిటీ నిలవకముందే నింపితే సీసాలు పేలతాయి, గాజుపెంకులు కళ్ళలోకి ఎగురుతాయి. ఈ ఒక్క విషయంలో తొందర అసలు వద్దు.

రెండు వారాలు గదిలో 20 డిగ్రీల దగ్గర, తరవాత చల్లటి చీకటి చోట కనీసం ఇంకో నాలుగు వారాలు. మొదటి సీసా మూడో వారంలో తెరిస్తే చేదు ఒక పక్క, తీపి ఒక పక్క విడివిడిగా తగులుతాయి. ఆరో వారానికి కలిసిపోతాయి. కాఫీ వేసినదైతే మూడు నెలల్లోపే తాగేయండి, ఆ పరిమళం నిలవ ఉండేది కాదు, పాతబడితే పచ్చి క్యాప్సికమ్ వాసన కొడుతుంది.

పబ్బుల్లో పోసే స్టౌట్ మీద మీగడలాంటి నురగ మీకు రాకపోతే అది మీ పొరపాటు కాదు. అది నైట్రోజన్ వాయువు పని. గిన్నిస్ డ్రాఫ్ట్ స్టౌట్‌కు 1959లో దాన్ని జతచేశారు. ఇంట్లో సీసాలో ఈస్ట్ చేసేది కార్బన్ డయాక్సైడే, దాని బుడగ పెద్దది. ఓట్స్ కలిపితే కొంత దగ్గరికి వస్తుంది. సబ్బు జిడ్డు లేకుండా గ్లాసును మంచినీళ్ళతో తొలిచి పెట్టుకుంటే ఇంకొంత.

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను ఇరవై నిమిషాలు బయట ఉంచి, 10 నుంచి 12 డిగ్రీల మధ్య పోసుకోండి. మంచులా చల్లగా ఉంటే అంత కష్టపడి తెచ్చిన వేపుడు వాసన పైకి లేవదు. తాగుతూ నోట్‌బుక్‌లో రెండే సంగతులు రాయండి: వేపుడు చాలిందా, తీపి చాలిందా. వేపుడు చాలకపోతే మరుసటి విడతలో రోస్టెడ్ బార్లీ 50 గ్రాములు పెంచండి, ఎక్కువైతే అంతే తగ్గించండి. మిగతా కొలతలు మాత్రం కదపకండి. ఆరు సీసాల మీద తేదీ రాసి, మూడో నెల దాకా కనపడని చోట దాచండి.